మీసాల అమ్మ: గిజుభాయి బధేకా బడిలో నిశ్శబ్దం నేర్పిన పాఠం

కొత్తగా వచ్చిన ఉపాధ్యాయుడు నాలుగో తరగతి గదిలో అడుగుపెట్టిన తొలిరోజు అది. ఆ రోజు ఏం చేయాలో ఆయన ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. పాఠం మొదలుకావడానికి ముందు పిల్లల మనసులు కుదుటపడాలని, తమ చుట్టూ వినిపించే చిన్న చిన్న సవ్వడులను వారు శ్రద్ధగా ఆలకించాలని ఆయన కోరిక. తలుపులు, కిటికీలు మూసి గదిలో వెలుతురు తగ్గించాడు. అందరూ కదలకుండా కూర్చోవాలని చెప్పాడు. ఒక్క నిమిషం కూడా గడవలేదు. ఓ మూల నుంచి వింత శబ్దం వచ్చింది. దానికి మరో మూల నుంచి బదులు వచ్చింది. ఎవరో పకపకా నవ్వారు. కాసేపట్లోనే గది సంతగా మారింది. ఆయన వేసుకున్న పథకమంతా నీరుగారిపోయింది. ఇక చేసేదేమీ లేక పిల్లలకు సెలవిచ్చి పంపించివేశాడు. అందుకు ప్రధానోపాధ్యాయుడి ఆక్షేపణ కూడా వినవలసి వచ్చింది.

గుజరాతీ విద్యావేత్త గిజుభాయి బధేకా రచించిన ‘దివాస్వప్న’ అనే గ్రంథంలోని తొలి ఘట్టమిది. 1930వ దశకం తొలినాళ్లలో వెలువడిన ఈ చిన్న పుస్తకం అనేక భారతీయ భాషల్లోకి వెళ్లింది. తెలుగు పాఠకులకు ‘పగటి కల’గా పరిచయమైంది. ఒక ఉపాధ్యాయుడు సాధారణ ప్రభుత్వ పాఠశాలలో ఏడాది పాటు చేసిన ప్రయోగాన్ని కథ రూపంలో చెప్పే పుస్తకమిది. ఇందులో ఒక విశేషముంది. పసిపిల్లలకు నిశ్శబ్దాన్ని ఆటగా నేర్పిన మన దేశపు తొలితరం ఉపాధ్యాయుల్లో గిజుభాయి ముఖ్యులు. భావ్‌నగర్‌లోని ఆయన బాలమందిరంలో ఆ ఆట సాగేది. అయినప్పటికీ తన పుస్తకంలో మాత్రం ఆ ఆట తొలి ప్రయత్నంలోనే ఘోరంగా విఫలమైనట్లు ఆయన చిత్రించారు. విజయగాథతో మొదలుపెట్టవలసిన పుస్తకాన్ని ఓటమితో ఎందుకు ఆరంభించారన్న ప్రశ్నకు సమాధానం ఆయన జీవితంలోనే దొరుకుతుంది.

వకీలు ఇంట పుట్టిన ప్రశ్న

గిజుభాయి అసలు పేరు గిరిజాశంకర్ భగవాన్‌జీ బధేకా. 1885 నవంబరు 15న సౌరాష్ట్ర ప్రాంతంలోని చితల్ గ్రామంలో జన్మించారు. బాల్యం వల్లభీపూర్‌లో గడిచింది. భావ్‌నగర్‌లోని శామళదాస్ కళాశాలలో కొంతకాలం చదివారు. అంతకు చాలా ఏళ్ల ముందు మోహన్‌దాస్ గాంధీ కూడా కొద్దికాలం చదివిన కళాశాల అదే. సంసారం గడవడమే కష్టమైన పరిస్థితుల్లో 1907లో గిజుభాయి జీవనోపాధి వెతుక్కుంటూ తూర్పు ఆఫ్రికాకు ఓడ ఎక్కారు. అక్కడ ఒక న్యాయవాది వద్ద పని చేస్తూ సొంత పనులు సొంతంగా చేసుకోవడం అలవరచుకున్నారు. రెండు మూడేళ్ల తర్వాత స్వదేశానికి తిరిగివచ్చి, బొంబాయిలో న్యాయశాస్త్రం అభ్యసించి వకీలుగా స్థిరపడ్డారు.

1913లో ఆయనకు కుమారుడు కలిగాడు. నరేంద్ర అని పేరు పెట్టుకున్నారు. చేతినిండా పని ఉన్న ఆ వకీలు జీవితాన్ని మలుపు తిప్పినది ఆ పసివాడే. ఈ బిడ్డను ఏ బడికి పంపాలి అన్న ప్రశ్న తండ్రిని పట్టి పీడించసాగింది. నాటి కాఠియావాడ్ పాఠశాలలు ఎలా ఉండేవో ఆయనకు తెలియనిది కాదు. బెత్తం, గుద్దులు, తిట్లు, అర్థం తెలియకుండా వల్లెవేసే పాఠాలే అక్కడ చదువు. మన తెలుగునాట వీధిబడుల్లో కోదండం, తొడపాశం, గోడకుర్చీ ఎంత సహజంగా సాగిపోయేవో, పశ్చిమ భారతంలోనూ శిక్షలు అంత సహజంగానే సాగిపోయేవి. పిల్లలు భయంతో నోరు మెదపకుండా కూర్చుంటే ఆ బడికి క్రమశిక్షణ గల బడిగా పేరు వచ్చేది.

దారి వెతుకుతున్న గిజుభాయికి మిత్రుల ద్వారా మోతీభాయి అమీన్ పరిచయమయ్యారు. బరోడా సంస్థానంలో గ్రంథాలయోద్యమానికి ప్రాణం పోసిన వ్యక్తి మోతీభాయి. ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి విద్యావిధానాన్ని వివరించే పుస్తకాన్ని ఆయనే గిజుభాయి చేతిలో పెట్టారు. రోమ్ నగరంలో పేద కార్మికులు నివసించే శాన్ లోరెంజో వాడలో 1907లో మాంటిస్సోరి తన తొలి శిశు నిలయాన్ని ప్రారంభించారు. పసిపిల్లలు సహజంగానే పని కోరుకుంటారని, తగిన పరిసరాలు కల్పిస్తే గంటల తరబడి ఏకాగ్రతతో ఉండగలరని ఆమె అక్కడ గమనించారు. కొడుకు కోసం చదవడం మొదలుపెట్టిన ఆ పుస్తకం క్రమంగా గిజుభాయిని న్యాయస్థానం నుంచి దూరం చేసింది.

భావ్‌నగర్‌లో మలుపు

భావ్‌నగర్‌లో నానాభాయి భట్ 1910లో దక్షిణామూర్తి పేరుతో ఒక విద్యార్థి భవనాన్ని స్థాపించారు. పరమశివుడి గురురూపమైన దక్షిణామూర్తి మౌనంతోనే శిష్యులకు బోధించాడని పురాణ ప్రసిద్ధి. నిశ్శబ్దాన్ని పాఠంగా మలచబోయే ఉపాధ్యాయుడు ఆ పేరుగల సంస్థలోనే చేరడం యాదృచ్ఛికమే అయినా గుర్తుండిపోయే సంగతి. మొదట సంస్థ నియమావళి రూపొందించే విషయంలో న్యాయసలహాదారుగా గిజుభాయి దానికి దగ్గరయ్యారు. 1916లో వకీలు వృత్తిని, దానితో వచ్చే ఆదాయాన్ని వదులుకుని పూర్తికాలం అక్కడే చేరిపోయారు.

మొదట్లో ఆయన పని చేసినది పెద్ద పిల్లల మధ్య, ఉన్నత పాఠశాల స్థాయి వినయ మందిరంలో. ఆ అనుభవం ఆయనకు ఒక సత్యం తెలియజెప్పింది. అక్కడికి వచ్చే బాలురు అప్పటికే భయపడడం నేర్చుకున్నారు. మార్కుల కోసం పోటీపడడం, పక్కవాడి ఓటమిలో తన గెలుపు చూసుకోవడం నేర్చుకున్నారు. ఆ అలవాట్లను పోగొట్టడానికే సగం శ్రమ ఖర్చవుతోంది. మొక్క వంగే వయసులోనే ఆరంభించాలని ఆయన నిశ్చయించుకున్నారు. అలా 1920లో దక్షిణామూర్తి బాలమందిరం వెలిసింది. రెండున్నర ఏళ్లు దాటిన పసివారికి అక్కడ ప్రవేశం. 1922లో తఖ్తేశ్వర్ ఆలయ సమీపంలోని గుట్టపై దానికి సొంత భవనం సమకూరింది. కస్తూరిబా గాంధీ దానిని ప్రారంభించారు.

కోర్టులో వాదనలు వినిపించిన ఆ వకీలు, బాలమందిరంలో పిల్లలతో పాటు నేలమీద కూర్చునేవారు. వాళ్లతో ఆడేవారు, పాడేవారు, కథలు చెప్పేవారు. గుబురు మీసాల మనిషి అంత లాలనగా మెలగడం చూసి జనం ఆయనను మీసాల అమ్మ అని పిలవసాగారు. గుజరాతీలో మూఛాళీ మా అన్న ఆ పిలుపు ఆయన పేరుతో శాశ్వతంగా నిలిచిపోయింది.

నిశ్శబ్దం ఒక ఆట

మాంటిస్సోరి విధానంలోని నిశ్శబ్దపు ఆట ఒక పసికందు వల్ల పుట్టింది. మాంటిస్సోరి ఒకసారి నాలుగు నెలల శిశువును ఎత్తుకుని తరగతిలోకి వచ్చారు. ఆ శిశువు ఎంత ప్రశాంతంగా ఉందో, ఎంత మెల్లగా ఊపిరి తీస్తోందో పిల్లలకు చూపించి, అలా ఉండగలరా అని సరదాగా సవాలు చేశారు. పిల్లలు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. అంతవరకు ఎవరి చెవికీ సోకని గడియారపు చప్పుడు వారికి వినిపించింది. తర్వాత ఆమె పక్కగదిలోకి వెళ్లి ఒక్కొక్కరినీ పేరు పెట్టి మెల్లగా, గుసగుసగా పిలిచారు. పిలుపు అందుకున్నవారు కుర్చీ కదలకుండా, అడుగు చప్పుడు కాకుండా లేచి వెళ్లారు. ఆటంటే అంతే.

గిజుభాయి ఈ ఆటను భావ్‌నగర్ పిల్లల జీవితంలో భాగం చేశారు. దీనిలో మూడు మెట్లున్నాయి. మొదటిది, కాళ్లు, చేతులు, భుజాలు ఒక్కొక్కటిగా నిమ్మళించడం. తన శరీరం తన అదుపులో ఉన్నదన్న ఎరుక పిల్లలకు కలిగేది ఇక్కడే. రెండోది, వినడం. దగ్గరి సవ్వడి తర్వాత దూరపు సవ్వడి, ఆ తర్వాత తన ఊపిరి సవ్వడి వినిపిస్తాయి. మూడోది, వేచి ఉండడం. తన పేరు ఎప్పుడు వస్తుందో తెలియదు. ముందు పిలుపు అందుకున్నవారిపై అసూయపడకుండా, చివరి వరకు మిగిలినా చిన్నబుచ్చుకోకుండా ఉండాలి. ఒక్కరు కదిలినా అందరి నిశ్శబ్దమూ చెదిరిపోతుంది కాబట్టి ఇది ఏ ఒక్కరూ గెలిచే ఆట కాదు. తన చిన్న కదలిక పక్కవారికి ఎలా తగులుతుందో నాలుగేళ్ల పాపకు ఇంతకంటే సులభంగా తెలియజెప్పే మార్గం అరుదు. నేడు ఎరుకతో కూడిన ఏకాగ్రత, సహానుభూతి అని వేరువేరు పేర్లతో చెప్పుకుంటున్న రెండు గుణాలూ ఆ ఆటలో ఒకటిగానే ఉన్నాయి.

అయితే బయట వరండాలో నిలుచున్న తనిఖీ అధికారికి భయం వల్ల వచ్చిన నిశ్శబ్దానికీ, ఎరుక వల్ల వచ్చిన నిశ్శబ్దానికీ తేడా తెలియదు. రెండు గదుల్లోనూ సూది పడితే వినిపిస్తుంది. ఉపాధ్యాయుడు గది దాటి వెళ్లినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. మొదటి గదిలో అణచిపెట్టిన అల్లరి ఒక్కసారిగా కట్టలు తెంచుకుంటుంది. రెండో గదిలో ఎవరి పని వారిది. ‘దివాస్వప్న’ తొలి ఘట్టంలోని ఓటమికి అర్థం ఇదే. ఆ నాలుగో తరగతి పిల్లలు అప్పటికి మూడేళ్లుగా బెత్తానికి అలవాటుపడ్డారు. బెత్తం లేని కొత్త మనిషి కనబడగానే వారికి నిశ్శబ్దం అవసరం కనిపించలేదు. నమ్మకం కుదరకముందే ప్రశాంతతను కోరడం ఉపాధ్యాయుడి తొందరపాటు. తప్పు పిల్లలది కాదని, ఆ రాత్రి తన పద్ధతిని తిరిగి ఆలోచించుకోవలసినది తానేనని ఆ పాత్ర గ్రహిస్తుంది. మరునాడు ఆ ఉపాధ్యాయుడు బడికి తీసుకువెళ్లినది ఒక కథను.

కథ చెప్పే గురువు

మరునాటి తరగతిలో రాజుల కథ మొదలవుతుంది. నిన్న గోల చేసిన పిల్లలే ఒకరి మీద ఒకరు వాలిపోతూ దగ్గరకు జరుగుతారు. గంట మోగినా ఇంటికి కదలరు. కథ రోజుల తరబడి సాగుతుంది. ఆదేశంతో రాని నిశ్శబ్దం కథ వెంట నడిచివస్తుంది. వినడం అలవాటైన పిల్లలు తర్వాత చదవడానికి ఉత్సాహపడతారు. తరగతి గదిలో చిన్న గ్రంథాలయం వెలుస్తుంది. ఆటలు, నాటకాలు, పరిశుభ్రత ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి. మైదానంలో తగవులు వస్తాయి, ఆ తగవుల్లోంచే ఒకరితో ఒకరు సర్దుకుపోవడం అలవడుతుంది.

కథల పట్ల గిజుభాయికి ఉన్న విశ్వాసం సామాన్యమైనది కాదు. సౌరాష్ట్ర పల్లెల్లో అమ్మమ్మలు, నాయనమ్మలు చెప్పుకునే కథలను సేకరించి, పిల్లలు వినడానికి అనువుగా మలచి ప్రచురించారు. కథ ఎంచుకోవడం, చెప్పడం గురించి ప్రత్యేకంగా ఒక శాస్త్రగ్రంథమే రచించారు. కథ చివర నీతి తగిలించడం ఆయనకు రుచించేది కాదు. కథ సాగుతుండగానే వినేవారు పాత్రల స్థానంలోకి వెళ్లి నిలుస్తారని, ఆ ప్రయాణమే చాలునని ఆయన భావన.

గుజరాత్‌లో ఇంటింటా తెలిసిన దలా తర్వాడీ కథ దీనికి చక్కని ఉదాహరణ. దలా తర్వాడీ పరాయివాడి వంకాయ తోటలోకి వెళతాడు. యజమాని లేడు కాబట్టి తోటనే అనుమతి అడుగుతాడు. తోట తరఫున తనే జవాబు చెప్పుకుని, రెండు నాలుగు కావాలంటే పది పన్నెండు తీసుకుపొమ్మన్నట్లు సంచీ నింపుకుంటాడు. ఒకనాడు పట్టుబడతాడు. తోట యజమాని అతణ్ణి బావి దగ్గరకు తీసుకువెళ్లి, ఎన్ని మునకలు వేయించాలని బావిని అడుగుతాడు. బావి తరఫున జవాబు కూడా ఆయనే చెబుతాడు. పిల్లలు కడుపుబ్బ నవ్వుకునే ఈ కథలో ఎదుటివారి తరఫున మనమే జవాబు చెప్పుకోవడం ఎంత అన్యాయమో ఉపన్యాసం లేకుండానే తెలిసివస్తుంది. ఆనందంగా ఉండే కాకి కథ కూడా అంతే ప్రసిద్ధం. రాజు ఎన్ని శిక్షలు వేసినా ఆ కాకి పాట మానదు. చివరకు విసిగిపోయి రాజే దాన్ని వదిలేస్తాడు. దండనతో మనసును లొంగదీయలేమన్న సంగతి ఆ కాకి పాటలో ఉంది.

పెద్దలకే అసలు పాఠం

పిల్లలకు దయ నేర్పాలంటే ముందు వారిపట్ల దయగా ఉండాలన్నది గిజుభాయి కృషి మొత్తానికి ఆధారం. అందువల్ల ఆయన రచనల్లో పెద్ద భాగం తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను ఉద్దేశించినది. ఆయన పేరుతో వెలువడిన చిన్నా పెద్దా పుస్తకాలు సుమారు 200. వాటిలో తల్లిదండ్రులు కావడం ఎంత కష్టమో చెప్పే పుస్తకం ఒకటి. పిల్లలతో పెద్దలు నిత్యం పడే తలనొప్పులను చిన్న చిన్న ఘట్టాలుగా చూపే పుస్తకం మరొకటి. బిడ్డ తనంత తాను చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే ఆలస్యమవుతుందని తల్లి చేయి లాగేయడం, ప్రశ్న అడిగిన పిల్లవాణ్ణి తండ్రి కసురుకోవడం, చుట్టాల ముందు పద్యం చదవమని వేధించడం వంటి సంగతులు ఏ ఇంట్లోనైనా కనిపించేవే. పసివారి మనసు గాయపడే చోటు అదేనని, ఇతరుల మనసు గాయపరచడం వారు నేర్చుకునే చోటు కూడా అదేనని గిజుభాయి గుర్తించారు.

బాలమందిరంలో బహుమతులకు, ర్యాంకులకు, శిక్షలకు తావు లేదు. బహుమతి ఆశ చూపితే పిల్లల దృష్టి పని మీద నుంచి బహుమతి మీదకు మళ్లుతుందని, ఒకరికి మొదటి స్థానం ఇవ్వడమంటే మిగిలినవారికి ఓటమి రుచి చూపించడమేనని ఆయన అభిప్రాయం. పిల్లలు తామే ఊడ్చుకున్నారు, నీళ్లు పోసి మొక్కలు పెంచారు, తోటి పిల్లలకు వడ్డించారు. తొణకకుండా నీళ్ల గ్లాసు తీసుకువెళ్లి పక్కవారి ముందు పెట్టడంలో శ్రద్ధా ఉంది, మర్యాదా ఉంది.

ఒక్క బాలమందిరంతో పని ముగియదని గిజుభాయికి తెలుసు. 1925లో ఉపాధ్యాయుల శిక్షణ కోసం అధ్యాపన మందిరం మొదలైంది. అదే కాలంలో ‘శిక్షణ పత్రిక’ ఆరంభమైంది. 1926లో నూతన బాల శిక్షణ సంఘం ఏర్పడింది. గుజరాతీ సాహిత్యానికి ఇచ్చే రంజిత్‌రామ్ సువర్ణ పతకం 1929 సంవత్సరానికి ఆయనను వరించింది. పసిపిల్లల కథలు రాసే ఉపాధ్యాయుణ్ణి సాహితీలోకం తనవాడిగా అంగీకరించిందనడానికి అది గుర్తు.

గుట్ట దిగిన బాలవిద్య

గిజుభాయి ప్రయోగానికి పరిమితులూ ఉన్నాయి. గుట్టపై ఉన్న బాలమందిరానికి వచ్చినవారిలో ఎక్కువమంది పట్టణ మధ్యతరగతి పిల్లలు. పొలం పనికి వెళ్లే తల్లి వెంట ఎండలో తిరిగే బిడ్డకు, పశువులు కాసే పిల్లవాడికి ఆ ప్రశాంతమైన గది అందుబాటులో లేదు. అందమైన ఉపకరణాలు కొనగల బడులు కూడా దేశంలో కొద్దిగానే ఉండేవి. ‘దివాస్వప్న’ కథానాయకుడిని గిజుభాయి సొంత బాలమందిరానికి కాకుండా పుస్తకాలు, ఆట వస్తువులు, అధికారుల అండ ఏవీ సరిగా లేని సాధారణ పాఠశాలకు పంపడంలో ఈ లోటు గురించిన ఆలోచన కనిపిస్తుంది. ఇది జరిగిన కథ కాదని, జరగాలని కోరుకున్న కథ అని పుస్తకం పేరే ఒప్పుకుంటుంది.

ఆ కలను పల్లెకు చేర్చినవారు ఆయన సహచరి తారాబాయి మోడక్. రాజ్‌కోట్‌లో మహిళా శిక్షణ కళాశాల బాధ్యతలు వదులుకుని ఆమె భావ్‌నగర్ వచ్చి, గిజుభాయితో కలిసి దాదాపు దశాబ్దం పని చేశారు. తర్వాత మహారాష్ట్రకు వెళ్లి, 1945లో సముద్రతీరాన ఉన్న బోర్డీ గ్రామంలో పల్లె పిల్లల కోసం కేంద్రం ప్రారంభించారు. అనుతాయి వాఘ్ ఆమెకు తోడయ్యారు. పిల్లలు బడికి రాలేకపోతే బడే వారి వాకిట్లోకి వెళ్లాలన్నది వారి సంకల్పం. కొనుగోలు చేసిన ఉపకరణాల స్థానంలో గవ్వలు, గింజలు, ఆకులు, మట్టి వచ్చాయి. తర్వాత కోస్‌బాడ్ కొండ ప్రాంతంలో ఆదివాసీ పిల్లల మధ్య ఆ కృషి కొనసాగింది. దేశంలో బాలవాడీలు విస్తరించడానికి తారాబాయి వేసిన బాటే ఆధారం. 1962లో కేంద్ర ప్రభుత్వం ఆమెకు పద్మభూషణ్ ప్రకటించింది.

కలుసుకోని ఇద్దరు

రెండు దశాబ్దాల సేవ తర్వాత 1936లో గిజుభాయి దక్షిణామూర్తి నుంచి వైదొలగారు. పని మాత్రం ఆపలేదు. రాజ్‌కోట్‌లో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే మరో ప్రయత్నానికి పూనుకున్నారు. ఎడతెగని శ్రమకు ఆరోగ్యం లొంగిపోయింది. 1939 జూన్ 23న బొంబాయిలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు. గాంధీజీ ఆయన కృషిని స్మరించుకుంటూ నివాళి అర్పించారు.

అదే ఏడాది నవంబరులో మరియా మాంటిస్సోరి తొలిసారి భారతదేశంలో అడుగుపెట్టారు. మద్రాసు అడయార్‌లోని దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై శిక్షణ తరగతులు నిర్వహించడానికి వచ్చిన ఆమె, రెండో ప్రపంచ యుద్ధం కారణంగా కొద్ది నెలలకు బదులు ఏళ్ల తరబడి ఇక్కడే ఉండిపోయారు. కొడైకెనాల్ కొండల్లో గడిపిన కాలంలో ఆమె ఆలోచనలు మరింత విస్తరించాయి. నాటి మద్రాసు రాష్ట్రంలో కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా భాగమే. ఆమె 1946లో ఐరోపాకు బయలుదేరే నాటికి భారతదేశంలో వందలాది ఉపాధ్యాయులు ఆమె వద్ద శిక్షణ పొందారు. తన పుస్తకం చదివి వకీలు వృత్తి వదిలేసిన మనిషిని, తన నిశ్శబ్దపు ఆటను సౌరాష్ట్ర పసివారికి నేర్పిన మనిషిని ఆమె కలుసుకునే అవకాశం మాత్రం ఐదు నెలల తేడాతో తప్పిపోయింది.

ఆ తర్వాత దేశంలో ఎన్నో మార్పులు వచ్చాయి. 2009 నాటి విద్యాహక్కు చట్టం పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలల్లో 2018లో మొదలైన ఆనంద పాఠ్యక్రమం ప్రతి రోజూ కొంతసేపు మనసు నిలిపే సాధనకు, కథలకు, సంభాషణకు చోటిచ్చింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం సహానుభూతిని పిల్లల్లో పెంపొందించవలసిన గుణాల్లో ఒకటిగా పేర్కొంది. గిజుభాయి ఒంటరిగా వాదించిన సంగతులు నేడు చట్టంలోకి, విధాన పత్రంలోకి చేరాయి.

అయితే ఆయన పుస్తకంలోని తొలిరోజు నేటికీ ఏదో ఒక బడిలో పునరావృతమవుతూనే ఉంటుంది. కళ్లు మూసుకోండి, కదలకండి, నోరు మూసుకోండి అన్న ఆదేశంతో ధ్యానపు గంట మొదలైతే, అది పాత బెత్తానికి కొత్త పేరు మాత్రమే అవుతుంది. పాఠ్యప్రణాళికలో ఒక పీరియడ్ చేర్చడం తేలిక. ఆ పీరియడ్‌కు ముందూ తర్వాతా పిల్లలతో ఏ గొంతుతో మాట్లాడుతున్నామన్నది చూసుకోవడమే కష్టం. ఓడిపోయిన మొదటి రోజు రాత్రి గిజుభాయి కథానాయకుడు పిల్లలను నిందించలేదు. మరునాడు ఏ కథ చెప్పాలా అని ఆలోచించాడు. పసివారికి ప్రశాంతతను, దయను నేర్పాలనుకునే ఏ ఉపాధ్యాయుడికైనా, ఏ తల్లికైనా, తండ్రికైనా మీసాల అమ్మ వదిలివెళ్లిన తొలి పాఠం అదే.